ఘనా – వోల్టా ఆనకట్ట: కొత్తగా స్వతంత్రమైన దేశానికి అందిన విదేశీ సాయం (1957–1966)

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
– విదేశీ సాయం ఎన్ని రూపాల్లో అందుతుందో, గ్రాంటుకూ రుణానికీ తేడా ఏమిటో వివరించగలుగుతారు.
– వోల్టా పథకానికి సాయం ఏ పరిస్థితుల్లో, ఏ షరతులతో లభించిందో తెలుసుకుంటారు.
– అదే కాలంలో మన రాష్ట్రంలో కట్టిన నాగార్జునసాగర్‌తో దాన్ని పోల్చి చూడగలుగుతారు.
– ఒక సాయం మేలు చేసిందో, కీడు చేసిందో తేల్చడానికి అడగవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

1957 మార్చి 6న బ్రిటిష్ వలసగా ఉన్న గోల్డ్‌కోస్ట్, ఘనా అనే పేరుతో స్వతంత్ర దేశమయింది. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న బ్రిటిష్ వలసల్లో ఆఫ్రికన్ల స్వపరిపాలన కిందికి వచ్చిన మొదటి దేశం ఇదే. దాని నాయకుడు క్వామే ఎన్‌క్రుమా. రాజకీయ స్వాతంత్ర్యం వచ్చినంత మాత్రాన ఆర్థిక స్వాతంత్ర్యం రాదని ఆయన మొదటి నుంచీ నమ్మాడు. పరిశ్రమలు కావాలి, పరిశ్రమలకు కరెంటు కావాలి, కరెంటుకు ఆనకట్ట కావాలి. ఆనకట్టకు డబ్బు, యంత్రాలు, ఇంజనీర్లు కావాలి. ఇవి చాలినంతగా ఘనాలో లేవు. అందుకే పరదేశాల వైపు చూడవలసి వచ్చింది.

ఈ విషయం పరీక్ష కోసం మాత్రమే చదివేది కాదు. సాగర్ ఎడమ కాలువ చివరన ఉన్న నూజివీడు బ్రాంచి ఆయకట్టులో ఈ పుస్తకం తెరిచిన విద్యార్థి తన పొలానికి వచ్చే నీటి వెనుక కూడా ఇలాంటి చరిత్రే ఉందని గమనించాలి. మన దేశం కూడా ఆ రోజుల్లో కొత్తగా స్వతంత్రమైనదే. మనమూ విదేశీ సాయం తీసుకున్నాం. ఘనా అనుభవాన్ని మన అనుభవం పక్కన పెట్టి చదివితే, సాయం ఎంత వచ్చిందన్న దానికంటే ఏ షరతులతో వచ్చింది, ఆ షరతులు నచ్చకపోతే కాదనగలిగే శక్తి తీసుకునే దేశానికి ఉందా అన్నదే ముఖ్యమని స్పష్టమవుతుంది. ఈ పాఠం మొత్తం ఆ ఒక్క విషయం చుట్టూనే నడుస్తుంది.

2. విదేశీ సాయం అంటే ఏమిటి?

‘సాయం’ అనగానే తిరిగి ఇవ్వనక్కరలేని దానం అనుకుంటాం. అంతర్జాతీయ వ్యవహారాల్లో ఈ మాటకు అర్థం అంతకంటే విశాలమైనది. తిరిగి చెల్లించనవసరం లేకుండా ఇచ్చేది గ్రాంటు. తక్కువ వడ్డీతో, దీర్ఘకాల వాయిదాలతో ఇచ్చేది సులభ రుణం. ప్రపంచ బ్యాంకు వంటి సంస్థలు ఒక ప్రాజెక్టు లాభనష్టాలను లెక్కగట్టి ఇచ్చేది ప్రాజెక్టు రుణం. నిపుణులను పంపడం, శిక్షణ ఇవ్వడం సాంకేతిక సాయం. ఆహార ధాన్యాలు పంపడం ఆహార సాయం.

వీటికి తోడు ‘సరఫరాదారు అప్పు’ అనేది ఒకటి ఉంది. యంత్రాలు అమ్మే విదేశీ కంపెనీయే సరుకు ముందుగా ఇచ్చి, డబ్బు కొన్నేళ్లలో వాయిదాలుగా వసూలు చేసుకుంటుంది. సరుకు అరువుకు ఇచ్చిన షావుకారుకు ధర నిర్ణయించే అధికారం కూడా దక్కినట్టే ఇక్కడా జరుగుతుంది. వాయిదాల గడువు తక్కువ, ధర ఎక్కువ. కొత్త దేశాల మీద త్వరగా భారం పడింది ఎక్కువగా ఈ రకం అప్పుల వల్లనే.

సాయం ఇచ్చే దేశాలు తమ డబ్బుతో తమ దేశపు సరుకులే కొనాలని షరతు పెట్టవచ్చు. దీన్ని ముడిపెట్టిన సాయం అంటారు. 1950, 60 దశకాల్లో దీనికి మరో ముడి కూడా ఉండేది. అది ప్రచ్ఛన్న యుద్ధం. అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ కొత్త దేశాలను తమ వైపు తిప్పుకోవడానికి సాయాన్ని ఒక సాధనంగా వాడుకున్నాయి. 1956 జూలైలో ఈజిప్టు ఆస్వాన్ ఆనకట్టకు ఇస్తామన్న సాయాన్ని అమెరికా వెనక్కు తీసుకుంది. నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. రెండేళ్ల తరువాత ఆస్వాన్‌కు సోవియట్ యూనియన్ ముందుకు వచ్చింది. ఘనా విషయంలో అమెరికా తీసుకున్న నిర్ణయాల మీద ఈ సంఘటన నీడ పడింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
అ) సరఫరాదారు అప్పు అంటే ఏమిటి?
ఆ) ముడిపెట్టిన సాయం అని దేన్ని అంటారు?

3. స్వాతంత్ర్యం నాటి ఘనా

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఘనా పేద దేశమేమీ కాదు. ప్రపంచంలో కోకో గింజలను అత్యధికంగా పండించే దేశం అదే. చాక్లెట్ తయారీకి ముడిసరుకు కోకో. రైతుల నుంచి కోకోను ప్రభుత్వ మార్కెటింగ్ బోర్డు కొని విదేశాలకు అమ్మేది. రైతుకు ఇచ్చిన ధరకూ ప్రపంచ మార్కెట్ ధరకూ మధ్య మిగిలిన సొమ్ము లండన్‌లో నిల్వ ఉండేది. ఇతర నిధులతో కలిపి ఘనాకు సుమారు 20 కోట్ల పౌండ్ల విదేశీ నిల్వలు ఉన్నట్టు లెక్క. మన దేశానికి కూడా 1947లో ఇలాగే లండన్‌లో 100 కోట్ల పౌండ్లకు పైగా స్టెర్లింగ్ నిల్వలు ఉండేవని ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

అయితే ఈ సంపదకు ఒక పెద్ద లోపం ఉంది. దేశం మొత్తం ఒకే పంట మీద ఆధారపడింది. ఒకే పంటను నమ్ముకున్న ప్రాంతం ఎలా ఉంటుందో నూజివీడు చుట్టుపక్కల వారికి వివరించి చెప్పనక్కరలేదు. చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది. ధర పడిపోయిందని ఒక్క ఏడాదిలో మరో పంటకు మారలేరు. కాపు బాగా వచ్చిన ఏడాదే ధర పడిపోతుంది. రసాలైనా, బంగినపల్లి అయినా ధర నిర్ణయించేది తోటలో కాదు, దూరపు మార్కెట్‌లో. ఘనాలో కోకో పరిస్థితీ ఇంతే. కాకపోతే అక్కడ నష్టపోయేది ఒక ప్రాంతపు రైతులే కాదు, మొత్తం ప్రభుత్వ ఖజానా కూడా.

రెండో లోపం సాంకేతిక నిపుణుల కొరత. గోల్డ్‌కోస్ట్ యూనివర్సిటీ కాలేజీ 1948లో గాని మొదలు కాలేదు. కుమాసీలో సాంకేతిక కళాశాల 1950ల ప్రారంభంలో వచ్చింది. అంటే స్వాతంత్ర్యం నాటికి ఆ దేశంలో తయారైన ఇంజనీర్ల తరం ఇంకా రూపుదిద్దుకోలేదు. వెస్టిండీస్‌కు చెందిన ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ ఘనా ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేశాడు. పరిశ్రమలు నిలబడాలంటే ముందు ఆహార పంటల దిగుబడి పెరగాలని ఆయన 1953 నివేదికలోనే చెప్పాడు. భారీ పథకాల విషయంలో ఎన్‌క్రుమాతో అభిప్రాయభేదాలు వచ్చి 1958 చివరలో ఆ పదవి నుంచి తప్పుకున్నాడు. లూయిస్‌కు 1979లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

4. వోల్టా పథకం: ఆలోచన నుంచి ఒప్పందం దాకా

వోల్టా నది మీద ఆనకట్ట కట్టవచ్చునన్న ఆలోచన ఎన్‌క్రుమాది కాదు. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఆల్బర్ట్ కిట్సన్ 1915 ప్రాంతంలోనే అకొసాంబో దగ్గర అనువైన చోటును గుర్తించాడు. ఆ దేశంలో బాక్సైట్ నిల్వలు కూడా ఉన్నాయి. బాక్సైట్ నుంచి అల్యూమినా, అల్యూమినా నుంచి అల్యూమినియం తీస్తారు. చివరి దశకు విపరీతమైన విద్యుత్తు అవసరం. కాబట్టి నది నుంచి విద్యుత్తు, కొండల నుంచి బాక్సైట్, రెండూ కలిపి దేశంలోనే అల్యూమినియం – ఇదీ తొలి ప్రణాళిక. సర్ రాబర్ట్ జాక్సన్ నాయకత్వంలోని కమిషన్ 1956లో ఇచ్చిన నివేదిక మొత్తం పథకానికి సుమారు 23 కోట్ల పౌండ్లు అవుతుందని అంచనా వేసింది. ఇంత భారం మోయడానికి బ్రిటన్ వెనుకాడింది.

1958 జూలైలో ఎన్‌క్రుమా అమెరికా వెళ్లి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ను కలిశాడు. ఆ తరువాత అమెరికన్ పారిశ్రామిక సంస్థ కైజర్ పథకాన్ని మళ్లీ పరిశీలించింది. ఖర్చు బాగా తగ్గించింది, విద్యుదుత్పత్తి అంచనాను పెంచింది. కానీ ఖర్చు తగ్గించిన పద్ధతిలోనే ఒక కీలకమైన మార్పు దాగి ఉంది. ఘనా బాక్సైట్ తవ్వడం, దాన్ని అల్యూమినాగా మార్చే కర్మాగారం కట్టడం పక్కకు పోయాయి. విదేశాల నుంచి అల్యూమినాను ఓడల్లో తెచ్చి, తేమా రేవులో కరిగించి, లోహాన్ని మళ్లీ ఓడల్లో పంపుతారు. ఘనా వంతు విద్యుత్తు మాత్రమే.

1961 మార్చిలో ఎన్‌క్రుమా వాషింగ్టన్‌లో కెనెడీని కలిశాడు. అదే సంవత్సరం సోవియట్ యూనియన్, తూర్పు ఐరోపా, చైనా పర్యటించాడు. సెప్టెంబరులో బెల్‌గ్రేడ్‌లో జరిగిన అలీన దేశాల మొదటి శిఖరాగ్ర సభలో పాల్గొన్నాడు. అమెరికాలో అనుమానాలు మొదలయ్యాయి. సాయం ఆపితే ఆస్వాన్ కథ పునరావృతమవుతుందేమోనన్న భయం మరోవైపు. బ్రిటిష్ ప్రధాని మాక్‌మిలన్ కూడా సాయం ఆపవద్దని కోరాడు. చివరకు 1961 డిసెంబరులో కెనెడీ అంగీకరించాడు. 1962 ఆరంభంలో ఒప్పందాల మీద సంతకాలు జరిగాయి. అంటే ఈ సాయం వెనుక ఆనకట్ట లాభనష్టాల లెక్క ఎంత ఉందో, ఘనా ఏ పక్షాన ఉంటుందన్న రాజకీయ లెక్క కూడా అంతే ఉంది.

5. ఒప్పందంలో ఏముంది?

ఆనకట్ట, విద్యుత్ కేంద్రం ఖర్చు సుమారు 7 కోట్ల పౌండ్లు. అందులో సగం ఘనా ప్రభుత్వం తన సొమ్ము పెట్టింది. మిగిలిన సగం రుణాలు. ప్రపంచ బ్యాంకు 4.7 కోట్ల డాలర్లు, అమెరికా ప్రభుత్వ సంస్థలు 3.7 కోట్ల డాలర్లు, బ్రిటన్ 50 లక్షల పౌండ్లు అప్పుగా ఇచ్చాయి. ఈ పథకాన్ని ‘అమెరికా కట్టించిన డ్యాము’ అనడం పొరపాటని దీన్నిబట్టి తెలుస్తుంది. సగం డబ్బు కోకో రైతు చెమట నుంచి వచ్చింది. మిగిలిన సగం వడ్డీతో తీర్చవలసిన అప్పు.

నిర్మాణ బాధ్యతను ఇటలీకి చెందిన ఇంప్రెగిలో సంస్థ చేపట్టింది. 1961లో మొదలైన పని 1965 నాటికి, గడువు లోపలే పూర్తయింది. 1966 జనవరి 22న ఎన్‌క్రుమా ప్రారంభోత్సవం చేశాడు. నీరు నిండాక ఏర్పడిన వోల్టా సరస్సు విస్తీర్ణం సుమారు 8,500 చదరపు కిలోమీటర్లు. వైశాల్యంలో ప్రపంచంలోని మానవ నిర్మిత జలాశయాలలో పెద్దదిగా దానికి పేరు.

అప్పు ఇచ్చేవారికి ఒక సందేహం సహజంగా ఉంటుంది. ఇంత కరెంటు ఎవరు కొంటారు? కొనేవాడు లేకపోతే అప్పు ఎలా తీరుతుంది? అందుకే పెద్ద ఎత్తున కొనే సంస్థ తప్పనిసరి అయింది. ఆ సంస్థ పేరు వోల్టా అల్యూమినియం కంపెనీ, సంక్షిప్తంగా వాల్కో. అందులో కైజర్‌కు 90 శాతం, మరో అమెరికన్ కంపెనీ రేనాల్డ్స్‌కు 10 శాతం వాటా. వాల్కోకు 30 సంవత్సరాల పాటు కరెంటు సరఫరా చేస్తామని ఘనా ఒప్పుకుంది. ధర యూనిట్‌కు 2.625 మిల్లులు. ఒక మిల్లు అంటే డాలరులో వెయ్యో వంతు. ఆనాటి మారకపు రేటు ప్రకారం మన లెక్కలో సుమారు 1.25 పైసలు. దీనికి తోడు పన్ను రాయితీలు, దిగుమతి సుంకాల మినహాయింపులు కూడా ఇచ్చారు. చాలా సంవత్సరాల పాటు అకొసాంబో విద్యుత్తులో సగానికి పైగా వాల్కోయే వాడుకుంది.

పూత మీదే తోటను గుత్తకిచ్చిన రైతు పరిస్థితి ఇక్కడ గుర్తుకు వస్తుంది. అప్పటికి అవసరం తీరుతుంది, నిశ్చింత దొరుకుతుంది. కాపు విరగకాసి ధర పెరిగితే ఆ లాభం గుత్తదారుది. అయితే ఒక తేడా ఉంది. తోట గుత్త కొద్ది కాలంలో ముగుస్తుంది, మరుసటి గుత్తకు బేరం మార్చుకోవచ్చు. ఘనా ఇచ్చిన గుత్త 30 ఏళ్లది. పైగా వాల్కో లేకపోతే డ్యామే లేదు. ఘనాకు వేరే కొనుగోలుదారు లేడు. బేరంలో దాని చేయి కిందుగా ఉండడానికి అసలు కారణం ఇదే.

సరస్సు కింద మునిగిన భూమి ధరను ఈ ఒప్పందంలో ఎవరూ లెక్కగట్టలేదు. సుమారు 80,000 మంది ఇళ్లు వదలవలసి వచ్చింది. 700కు పైగా గ్రామాల వారిని 52 కొత్త పునరావాస ఊళ్లకు తరలించారు. ఒక్కొక్క కుటుంబానికి ఇంటి పునాది, కప్పు, ఒక గది కట్టి ఇచ్చి మిగిలినది వారినే పూర్తి చేసుకోమన్నారు. యంత్రాలతో కొత్త పద్ధతి సేద్యం అనుకున్నట్టు సాగలేదు. చాలామంది ఆ ఊళ్లు విడిచి వెళ్లిపోయారు. నిలిచిన నీటిలో నత్తల ద్వారా వ్యాపించే బిల్‌హార్జియా వ్యాధి సరస్సు ఒడ్డు గ్రామాల్లో పెరిగింది. ఆనకట్ట కోసం ఊరు వదిలిన వారి పల్లెల్లో చాలాకాలం విద్యుత్ దీపం వెలగలేదు.

ఇన్ని లోపాలు ఉన్నా పథకం వ్యర్థమని చెప్పడం న్యాయం కాదు. అక్రా, తేమా, కుమాసీ పట్టణాలకు నమ్మకమైన కరెంటు వచ్చింది. 1970లలో పొరుగున ఉన్న టోగో, బెనిన్ దేశాలకు కూడా ఘనా విద్యుత్తు అమ్మింది. సరస్సులో చేపల వేట, పడవ రవాణా పెరిగాయి. 1980ల వరకు దేశం దాదాపు పూర్తిగా వోల్టా విద్యుత్తు మీదనే నడిచింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
అ) కైజర్ సవరించిన ప్రణాళికలో ఘనా బాక్సైట్ స్థానం ఏమయింది?
ఆ) వాల్కో ఒప్పందంలోని ముఖ్యమైన షరతులు ఏవి?

6. కోకో ధర పతనం, అప్పులు, 1966 తిరుగుబాటు

ఆనకట్ట ఒక్కటే కాదు, ఎన్‌క్రుమా ప్రభుత్వం ఒకేసారి అనేక పరిశ్రమలు, భవనాలు, ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలు చేపట్టింది. సోవియట్ విమానాలు కొన్నది. లండన్‌లోని నిల్వలు కరిగిపోయాయి. దాంతో సరఫరాదారు అప్పుల మీద ఆధారపడవలసి వచ్చింది. 1966 నాటికి ఘనా విదేశీ అప్పులో అధిక భాగం ఈ రకానిదే. సరిగ్గా ఈ సమయంలోనే కోకో దిగుబడి పెరిగి ధర కూలిపోయింది. 1954లో ఉన్న గరిష్ఠ ధరతో పోలిస్తే 1965లో మూడో వంతు కూడా పలకలేదు. కోకో ఎక్కువ అమ్మినా తక్కువ డబ్బే వచ్చింది.

ఇంట్లో స్వేచ్ఛ కూడా కుంచించుకుపోయింది. 1958 నివారక నిర్బంధ చట్టం కింద ప్రత్యర్థులను విచారణ లేకుండా జైల్లో పెట్టారు. 1964లో దేశం ఏకపార్టీ రాజ్యంగా మారింది. ఘనా కష్టాలన్నిటికీ విదేశీయులే కారణమని చెప్పేవారు ఈ వాస్తవాన్ని మరువరాదు. అప్పులు ఏ ధరకు తీసుకుంటున్నారని ప్రశ్నించగల పార్లమెంటు, పత్రికలు బలహీనపడితే చెడు ఒప్పందాలు సులభంగా జరిగిపోతాయి.

1965లో ఎన్‌క్రుమా నయా వలసవాదం మీద ఒక పుస్తకం ప్రచురించాడు. జెండా, జాతీయగీతం ఉన్నా ఆర్థిక వ్యవస్థ పగ్గాలు బయటివారి చేతిలో ఉంటే ఆ దేశం నిజంగా స్వతంత్రం కాదని ఆయన వాదన. అమెరికా ప్రభుత్వం ఈ పుస్తకానికి తీవ్ర నిరసన తెలిపింది. ఆనకట్ట ప్రారంభించిన నెల రోజులకే, 1966 ఫిబ్రవరి 24న, ఆయన హనోయ్ ప్రయాణంలో భాగంగా చైనాలో ఉండగా సైన్యం, పోలీసులు అధికారం చేజిక్కించుకున్నారు. కొత్త ప్రభుత్వం అప్పుల వాయిదాలను పొడిగించమని పాశ్చాత్య దేశాలను కోరింది. 1967లో ఘనా కరెన్సీ సెడీ విలువను తగ్గించారు.

7. పోలిక: అదే కాలంలో మన అనుభవం

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. రెండు ఆనకట్టలూ దాదాపు ఒకే కాలానివి, రెండూ కొత్త దేశాల ఆశలకు గుర్తులు. రెండింటి కిందా ఊళ్లు మునిగాయి. సాగర్ కింద పల్లెలతో పాటు నాగార్జునకొండ బౌద్ధ క్షేత్రం కూడా మునిగింది. తవ్వకాల్లో బయటపడిన శిల్పాలను, కట్టడాల భాగాలను కొండ మీదికి, అనుపుకు తరలించి భద్రపరిచారు.

అయితే కట్టిన పద్ధతిలో తేడా ఉంది. సాగర్ రాతి కట్టడం. సిమెంటు, ఉక్కు, భారీ యంత్రాలు కొరతగా ఉన్న రోజుల్లో వేలాది కూలీల శ్రమతో, స్థానికంగా దొరికే రాయితో లేచింది. డిజైన్, పర్యవేక్షణ మన ఇంజనీర్లవి. ఇది ఒక్క రోజులో వచ్చిన సామర్థ్యం కాదు. ధవళేశ్వరం, విజయవాడ ఆనకట్టలు 1850ల నాటివి. అప్పటి నుంచి కాలువలు, లాకులు, తూములు చూసుకుంటూ తరాల తరబడి పనిచేసిన ఇంజనీరింగ్ యంత్రాంగం ఇక్కడ ఉంది. కృష్ణా జిల్లాలోనే పుట్టిన కె.ఎల్. రావు కేంద్ర నీటిపారుదల మంత్రి అయ్యారు. ఘనాకు ఈ వందేళ్ల అనుభవం లేదు. వలస పాలన ఆ దేశంలో కోకోను పెంచింది గాని ఇంజనీర్లను పెంచలేదు.

అలాగని మనం షరతులకు అతీతంగా ఉన్నామని అనుకోరాదు. 1956 నుంచి అమెరికా పీఎల్-480 చట్టం కింద గోధుమలు తెచ్చుకున్నాం. 1958లో విదేశీ మారకద్రవ్య సంక్షోభం వచ్చినప్పుడు ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో సాయం చేసే దేశాల కూటమి ఏర్పడింది. 1965–66 కరవు కాలంలో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ధాన్యం ఓడలను కొద్దికొద్దిగా మాత్రమే అనుమతిస్తూ మన విధానాల మీద ఒత్తిడి తెచ్చాడు. 1966 జూన్ 6న రూపాయి విలువను తగ్గించారు. డాలరుకు 4.76 రూపాయలు ఉన్నది 7.50 అయింది. ఆ తరువాత వస్తుందనుకున్నంత సాయం రాలేదు. ఈ అవమానం నుంచే తిండిగింజల్లో స్వావలంబన సాధించాలన్న పట్టుదల బలపడింది.

మన దేశానికి ఉన్న మరో బలం ప్రత్యామ్నాయం వెతుక్కోగలగడం. బొకారో ఉక్కు కర్మాగారానికి అమెరికా కాంగ్రెస్‌లో వ్యతిరేకత రాగా 1963లో భారత్ తన అభ్యర్థనను వెనక్కు తీసుకుంది. 1965లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. కైజర్ సంస్థ ఇక్కడ కూడా ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని రేణుకూట్‌లో బిర్లాలతో కలిసి అది నెలకొల్పిన హిందాల్కో కర్మాగారం 1962లో ఉత్పత్తి మొదలుపెట్టింది. రిహాండ్ ఆనకట్ట నుంచి దానికి చవకగా కరెంటు ఇచ్చారు. ఆ ధర మీద ఇక్కడా విమర్శలు వచ్చాయి. కానీ రేణుకూట్‌లో మన బాక్సైట్‌నే అల్యూమినాగా, లోహంగా మార్చారు. మెజారిటీ వాటా భారతీయులది, లోహం అమ్ముడుపోయింది ఎక్కువగా మన మార్కెట్‌లోనే. భాగస్వామి ఒకటే, ఎదుటి పక్షం బలం వేరు. అందుకే ఒప్పందమూ వేరుగా వచ్చింది.

8. ఒప్పందాన్ని తిరగరాయడం

ఘనా కథ 1966తో ముగియలేదు. 1983–84లో తీవ్రమైన కరవు వచ్చింది. సరస్సు మట్టం పడిపోయి వాల్కో కొంతకాలం మూతపడింది. అప్పటికి చమురు ధరలు పెరిగి ప్రపంచమంతటా విద్యుత్తు ఖరీదైంది. పాత ధరకు కరెంటు ఇవ్వడం అసాధ్యమని రాలింగ్స్ ప్రభుత్వం బేరానికి కూర్చుంది. ఈసారి ఘనా పక్షాన సొంత న్యాయవాదులు, ఆర్థికవేత్తలు, విద్యుత్ నిపుణులు ఉన్నారు. 1985లో ధర 17 మిల్లులకు పెరిగింది. అంటే పాత ధరకు ఆరు రెట్లకు పైగా. 2000 దశకంలో ఘనా ప్రభుత్వం వాల్కోను పూర్తిగా సొంతం చేసుకుంది. తొలి ఒప్పందం నాడు లేని జ్ఞానం, నిపుణులు, పట్టు రెండు దశాబ్దాల్లో ఏర్పడ్డాయి. సాయం వల్ల వచ్చిన నిజమైన లాభం ఎక్కడైనా ఉంటే, అది ఈ మనుషుల తయారీలోనే ఉందని చెప్పవచ్చు.

9. సాయం పుచ్చుకున్న దేశం సాయం చేసినప్పుడు

1964 సెప్టెంబరులో భారత ప్రభుత్వం ఐటెక్ అనే సాంకేతిక, ఆర్థిక సహకార కార్యక్రమాన్ని ప్రారంభించింది. దీని కింద ఆఫ్రికా దేశాల ఉద్యోగులు, యువకులు మన దేశానికి వచ్చి శిక్షణ పొందుతున్నారు. 1962 నుంచి హైదరాబాదులో పనిచేస్తున్న చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ, నేటి నిమ్స్‌మే, అలాంటి కేంద్రాలలో ఒకటి. ఘనా వైమానిక దళం తొలి రోజుల్లో భారతీయ అధికారులు తోడ్పడ్డారు. 2003లో అక్రాలో కోఫీ అన్నన్ పేరిట ప్రారంభమైన సమాచార సాంకేతిక కేంద్రం భారత్ సాయంతో ఏర్పడింది. అక్రాలోని అధ్యక్ష భవనం కూడా భారత ఎగ్జిమ్ బ్యాంకు రుణంతో, భారతీయ సంస్థ కట్టినదే.

మనం ఇచ్చే రుణాలకు కూడా షరతులు ఉంటాయి. ఎగ్జిమ్ బ్యాంకు రుణాల్లో సాధారణంగా 75 శాతం విలువైన సరుకులు, సేవలు భారతదేశం నుంచే కొనాలి. 1962లో మనం విమర్శించిన ముడి ఇప్పుడు మన చేతిలో ఉంది. ఇచ్చే దేశం పేరు మారినంత మాత్రాన అడగవలసిన ప్రశ్న మారదు. అదేవిధంగా మనం ఇప్పటికీ తీసుకుంటూనే ఉన్నాం. సాగర్ కాలువల ఆధునికీకరణకు 2010లో ప్రపంచ బ్యాంకు సుమారు 45 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. చివరి ఆయకట్టుకు నీరు అందిందా, నీటి సంఘాల మాట చెల్లిందా, అప్పు భారం ఎవరి మీద పడింది అన్నవి నూజివీడు రైతు అడగదగిన ప్రశ్నలు. అకొసాంబో ఒడ్డు రైతు 1962లో అడగలేకపోయిన ప్రశ్నలు కూడా ఇవే.

10. సారాంశం

ఘనా స్వాతంత్ర్యం నాటికి సంపన్న దేశమే అయినా ఒకే పంట మీద ఆధారపడింది, నిపుణుల కొరత ఉంది. వోల్టా పథకానికి సగం సొమ్ము తానే పెట్టింది, మిగిలినది రుణంగా తెచ్చుకుంది. ప్రచ్ఛన్న యుద్ధం ఆ సాయం దొరకడానికి ఒక కారణమైంది. ఒకే కొనుగోలుదారు, స్థిరమైన తక్కువ ధర, 30 ఏళ్ల గడువు, సొంత బాక్సైట్‌ను వదిలివేయడం – ఈ నాలుగు షరతుల వల్ల ఆనకట్ట ఫలం చాలావరకు బయటికి పోయింది. కోకో ధర పతనం, సరఫరాదారు అప్పులు, ఏకపార్టీ పాలన దేశాన్ని మరింత బలహీనపరిచాయి. ఇదే కాలంలో భారత్ కూడా సాయం మీద ఆధారపడి ఒత్తిళ్లకు లోనైంది. అయినా ఇంజనీరింగ్ అనుభవం, పెద్ద దేశీయ మార్కెట్, ప్రత్యామ్నాయాలు ఉండడం వల్ల కొంత మెరుగైన బేరం చేసుకోగలిగింది. 1985లో ఘనా పాత ఒప్పందాన్ని మార్చుకోగలగడం దీన్నే బలపరుస్తుంది. కాబట్టి ఏ సాయాన్నయినా ఇచ్చేవారి మంచితనంతో కాక, ఒప్పందంలోని షరతులతోనూ, తీసుకునేవారి బేరశక్తితోనూ కొలవాలి.

11. ముఖ్య పదాలు

నయా వలసవాదం: రాజకీయ స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఒక దేశపు ఆర్థిక వ్యవస్థ బయటి శక్తుల అదుపులో ఉండడం.
స్టెర్లింగ్ నిల్వలు: వలస దేశాలు పౌండ్ల రూపంలో లండన్‌లో దాచుకున్న సొమ్ము.
అల్యూమినా: బాక్సైట్‌ను శుద్ధి చేయగా వచ్చే పొడి. దీని నుంచి అల్యూమినియం తీస్తారు.
పీఎల్-480: మిగులు ధాన్యాన్ని ఇతర దేశాలకు సులభ షరతులపై అందించడానికి అమెరికా 1954లో చేసిన చట్టం.

12. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వోల్టా పథకానికి విదేశీ సాయం లభించిన పరిస్థితులను వివరించి, వాల్కో ఒప్పందాన్ని సమీక్షించండి.
2. అకొసాంబో, నాగార్జునసాగర్ ఆనకట్టల నిర్మాణాన్ని పోల్చండి. తేడాలకు కారణాలు ఏవి?

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్వాతంత్ర్యం నాటి ఘనా ఆర్థిక స్థితి.
2. 1985లో విద్యుత్ ధర సవరణ ప్రాముఖ్యం.
3. మీ ప్రాంతంలో విదేశీ రుణంతో జరిగిన ఒక పనిని ఎంచుకోండి. ఈ పాఠంలో చెప్పిన ప్రశ్నల ఆధారంగా దాన్ని పరిశీలించండి.